అరటిపండు మీద వాలే ఈగలకూ ఓ బ్యాంక్.. ఒక్క రకం పోయినా పరిశోధనకు దెబ్బే!

మగ్గిన అరటిపండ్ల చుట్టూ ముసిరే బుల్లి ఈగలను చూసే ఉంటారు. మనం చేత్తో తోలేసే ఈ ఈగల కోసం ప్రపంచంలో ప్రత్యేక కేంద్రాలే నడుస్తున్నాయి. వేల రకాలను సీసాల్లో పెట్టి, మేత పెట్టి మరీ పెంచుతున్నారు. ఇంతకీ ఎందుకంత శ్రమ?

ఏంటీ ఈగ స్పెషల్?

సైంటిస్టులు దీన్ని డ్రోసోఫిలా అంటారు. మామిడి, జామ రైతులను నష్టపరిచే పండు ఈగ వేరు, ఇది వేరు. 25 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి పెద్ద ఈగ కావడానికి దీనికి సుమారు 10 రోజులు చాలు. మనుషుల జబ్బులకు సంబంధించిన జన్యువుల్లో దాదాపు 75 శాతానికి పోలిన జన్యువులు ఇందులోనూ ఉన్నాయి. అందుకే పార్కిన్సన్స్, క్యాన్సర్ లాంటి జబ్బుల గుట్టు తెలుసుకోవడానికి దీన్ని వాడతారు. మన నిద్ర, మెలకువలను నడిపే శరీర గడియారంపై 2017లో వచ్చిన నోబెల్ కూడా ఈ ఈగల మీద చేసిన పనికే.

బ్యాంక్‌లో ఏముంటుంది?

ఒక్కో సీసాలో ఒక్కో రకం జన్యు మార్పు ఉన్న ఈగలుంటాయి. ఒక ల్యాబ్ కష్టపడి తయారు చేసిన రకాన్ని ఇక్కడ ఇస్తే, మిగతా ల్యాబ్‌లు ఆర్డర్ పెట్టి తెప్పించుకుంటాయి. మళ్లీ మొదటి నుంచి తయారు చేసే పని తప్పుతుంది. ఒకరు చెప్పిన ఫలితం నిజమో కాదో ఇంకొకరు అదే ఈగలతో చెక్ చేయొచ్చు. అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీ, బ్లూమింగ్టన్ కేంద్రంలో 70 వేలకు పైగా రకాలున్నాయి. 1910లో థామస్ హంట్ మోర్గాన్ ల్యాబ్‌లో కనిపించిన తెల్ల కళ్ల ఈగ వంశం కూడా అక్కడ ఇంకా బతికే ఉంది!

అసలు చిక్కు ఇక్కడే..

విత్తనాల్లా వీటిని డబ్బాలో పోసి దాచలేం. 2021లో మిన్నెసోటా యూనివర్సిటీ పరిశోధకులు పిండాలను గడ్డకట్టించి దాచే పద్ధతి ప్రకటించారు. అయినా పెద్ద కేంద్రాల్లో ఇప్పటికీ ఈగలను ప్రాణంతోనే పెంచుతున్నారు. కొన్ని వారాలకోసారి మనుషులే చేత్తో పాత సీసా నుంచి కొత్త సీసాలోకి మార్చాలి. మొక్కజొన్న పిండి, ఈస్ట్, చక్కెరతో మేత వండాలి. ఏసీ ఆగకూడదు, బూజు పట్టకూడదు. ఒక రకం ఒకే చోట ఉండి, అక్కడ చనిపోతే.. ఇక అంతే సంగతులు.

మన దేశంలో?

మైసూరు యూనివర్సిటీలో డ్రోసోఫిలా స్టాక్ సెంటర్ ఉంది. బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ క్యాంపస్‌లో ఫ్లై ఫెసిలిటీ నడుస్తోంది. హైదరాబాద్ సీసీఎంబీలోనూ ఈ ఈగలపై పరిశోధనలు జరుగుతున్నాయి. విదేశాల నుంచి తెప్పించాలంటే అనుమతులు, కస్టమ్స్, రోజుల ప్రయాణం. దారిలో ఎండకో, ఆలస్యానికో ఈగలు చచ్చిపోతే మళ్లీ మొదటికే. అదే దేశంలోనే దొరికితే చిన్న కాలేజీ ల్యాబ్ కూడా త్వరగా, తక్కువ ఖర్చుతో పని మొదలుపెట్టొచ్చు.

రోడ్లు, కరెంటులాగే ఇదీ అందరూ వాడుకునే సౌకర్యమే. కానీ రిబ్బన్ కటింగ్‌లు ఉండవు కాబట్టి ఎవరి కంటా పడదు. రీసెర్చ్ ప్రాజెక్టుల డబ్బులు కొన్నేళ్లకే అయిపోతాయి. ఈగల మేతకు మాత్రం సెలవు ఉండదు. అందుకే ఇలాంటి కేంద్రాలకు ఏటా ఆగకుండా నిధులు అందడం ముఖ్యం. రేపటి మందుకు దారి చూపే ఈగ ఏ సీసాలో ఉందో ఇవాళ ఎవరూ చెప్పలేరు మరి!