రబ్బరు తోటకు వారసులెవరు?

మన తాతముత్తాతలు పరాయివారి తోటల్లో రబ్బరు పాలు తీయడానికి ఈ మలేసియా గడ్డకు వచ్చారు. వారి సంతతిలో కొందరు కూలిడబ్బు కూడబెట్టి నాలుగైదు ఎకరాల సొంత తోట సంపాదించుకున్నారు. ఆ తోటల యజమానుల్లో చాలామంది నేడు వృద్ధులు. పిల్లలు పట్టణాల్లో ఉద్యోగస్తులు. తోట మాటెత్తితే ఇరువైపులా మౌనమే.

రబ్బరు మొక్క 5 నుంచి 7 ఏళ్లకు పాలకు వస్తుంది. 25, 30 ఏళ్లు దాటితే పాలు తగ్గుతాయి. అప్పుడు చెట్లు కొట్టి, కలప అమ్మి, మళ్లీ నాటాలి. అంటే 40వ యేట నాటిన తోట 70వ యేట కొట్టవలసి వస్తుంది. చిన్న తోటల వారికోసం 1973లో ఏర్పడిన రిస్డా సంస్థ తిరిగి నాటడానికి సహాయం చేస్తుంది. అయినా, “ఎవరికోసం నాటాలి?” అని పెద్దాయన ఆగిపోతారు. తోట ముదిరిపోతుంది.

ఆయన వీలునామా రాయకుండా కన్నుమూస్తే ఏమవుతుంది? ద్వీపకల్ప మలేసియాలో ముస్లిమేతరులకు 1958 నాటి పంపిణీ చట్టం వర్తిస్తుంది. తల్లిదండ్రులు జీవించి లేకపోతే భార్యకు మూడో వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలకు సమానంగా చెందుతాయి. కూతురికీ కొడుక్కీ తేడా లేదు. 4 ఎకరాలు, 5 గురు పిల్లలు అనుకుందాం. ఒక్కొక్కరికి వచ్చేది అర ఎకరానికి కాస్త ఎక్కువ. వ్యవసాయ భూమిని 0.4 హెక్టారు, అంటే సుమారు ఎకరం కంటే చిన్న ముక్కలు చేయడానికి భూమి చట్టం ఒప్పుకోదు. కనుక ఒకే పట్టా మీద ఆరు పేర్లు ఎక్కుతాయి. మొత్తం భూమి అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా ఆరుగురూ సంతకం పెట్టాలి. ఆ చిక్కుకు జడిసి కొందరు పేరే మార్పించరు. పట్టా మీద తాతపేరు అలాగే నిలిచిపోతుంది.

దీనికి మందు పెద్దలు బతికుండగానే ఉంది. ఇద్దరు సాక్షులు ఒకేసారి ఎదుట ఉండగా వీలునామా మీద సంతకం చేయాలి. ఆస్తి పొందేవారుగాని, వారి భార్యాభర్తలుగాని సాక్షులు కాకూడదు. తోట చూసుకునే బిడ్డకు భూమి, మిగతావారికి రొక్కమో నగలో అని ముందే అందరి ఎదుట చెప్పడం మంచిది. ఆడబిడ్డలను మరువరాదు.

వచ్చే పండుగకు పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు వారిని తోటకు తీసుకుపోదాం. హద్దురాళ్లు చూపిద్దాం. ఏ వరుస ఏ యేట నాటామో చెబుదాం. కాగితం భూమిని ఇస్తుంది. తోటను మాత్రం మనమే అప్పగించాలి.