తులసమ్మ దావా – ఆడపడుచుల భాగము

1944లో నెల్లూరు జిల్లా మున్సిఫు కోర్టున వడ్డెబోయిన తులసమ్మ యను వితంతువు భరణమునకై దావా వేసెను. ఆమె భర్త 1931లోనే, సవతి సోదరునితో ఉమ్మడిగా నుండగా, కాలధర్మము నొందెను. భర్త వాటాపై వితంతువునకు జీవితకాలపు హక్కు నిచ్చిన చట్టము 1937లో గాని రాలేదు. వచ్చినదియు వెనుకటి మరణములకు వర్తింపలేదు. కావున ఆ కుటుంబపు ఆస్తిలో ఆమె కడుగదగినది కూడు, గుడ్డ, నివాసము మాత్రమే.

1946లో డిక్రీ అయినది. దాని అమలు సందర్భమున 1949లో రాజీ కుదిరెను. భరణమునకు మారుగా కొంత ఆస్తిని ఆమె కిచ్చిరి. బ్రదికినంత కాలము అనుభవింపవచ్చును, అమ్మరాదు, తదనంతరము అది మరిదివారికే చేరవలెను. దస్తావేజులు వ్రాయువారికి ఈ షరతులు కంఠపాఠములు.

ఇంతలో 1956 వారసత్వ చట్టము వచ్చెను. హిందూ స్త్రీ స్వాధీనమున నున్న ఆస్తికి ఆమెయే సంపూర్ణ యజమానురాలని 14వ సెక్షను మొదటి భాగము చెప్పినది. దానమువలన గాని, వీలునామావలన గాని, డిక్రీవలన గాని పరిమిత హక్కుతో వచ్చినదైనచో ఆ పరిమితి నిలుచునని రెండవ భాగము చెప్పినది. తులసమ్మ 1960లో కొంత ఆస్తిని కౌలున కిచ్చి, 1961లో కొంత అమ్మెను. మరిది కోర్టు కెక్కెను. మొదటి కోర్టులో ఆయన, అప్పీలులో ఆమె, హైకోర్టులో మరల ఆయన గెలిచిరి. తుదకు 1977 మార్చిలో సుప్రీము కోర్టు ఆమెదే న్యాయమని తీర్పు చెప్పెను. భరణపు దావా నాటినుండి లెక్కింపగా ముప్పది మూడేండ్లు!

ఆ తీర్పులోని కీలకము మన మధ్యతరగతి గృహములలో నేటికిని సరిగా తెలియదు. వితంతువునకు భరణము మగవారి దయాధర్మము కాదు. భర్త ఆస్తిని ఎవరు తీసికొన్నను దానితోపాటు ఆ భారమును తలకెత్తుకొనినట్లే. ఆ బాకీ తీర్చుటకై ఇచ్చిన ఆస్తికి పత్రము క్రొత్తగా హక్కు పుట్టింపదు. ఉన్న హక్కును ఒప్పుకొనుట మాత్రమే. శాస్త్రము పేరు చెప్పి అడ్డుపడువారికి ఒక మాట: సుమారు తొమ్మిది వందల యేండ్ల క్రిందట కల్యాణిలో మితాక్షర రచించిన విజ్ఞానేశ్వరుడు వారసత్వముగ వచ్చిన ఆస్తిని సైతము స్త్రీధనముగనే లెక్కించెను. దానిని కుదించినది లండనులోని ప్రీవీ కౌన్సిలు.

ఇక కూతురి సంగతి. ఉమ్మడి ఆస్తిలో ఆమెకు పుట్టుకతో భాగము ఆంధ్రప్రదేశమున 1985లోను, తమిళనాడున 1989లోను, కర్ణాటక, మహారాష్ట్రములలో 1994లోను లభించెను. ఒరిస్సాలోని తెలుగు కుటుంబములు 2005 నాటి కేంద్ర సవరణవఱకు ఎదురుచూడవలసి వచ్చెను. ఇచ్ఛాపురమున నున్న అక్క కూతురికి లేని చిక్కు బరంపురమున నున్న చెల్లెలి కూతురి కేల? మఱియు, ఆ రాష్ట్ర చట్టములు అప్పటికే వివాహమైన కూతుండ్రను వెలివేసినవి. 2005 సవరణ ఆ వెలిని తొలగించెను. ఆ నాటికి తండ్రి జీవించియుండ నక్కఱలేదని 2020 ఆగస్టులో సుప్రీము కోర్టు తేల్చినది.

చట్టమున వచ్చినది రిజిస్ట్రారు కచేరీలో పోవుచున్నది. అన్నదమ్ములు పసుపు కుంకుమలు, పట్టుచీర పెట్టి, ఆడపడుచుచేత హక్కు విడుదల దస్తావేజుపై సంతకము చేయించుచున్నారు. “పెండ్లికి కట్నము లిచ్చితిమి గదా” యని సమాధానము. కట్నము 1961 నుండి నిషిద్ధము. నిషిద్ధమైనదానిని చెల్లించి, చట్టము కల్పించిన ఋణము తీరినదనుట ఏ న్యాయమో మాకు బోధపడకున్నది. పుట్టింటి గడప మూసికొనిపోవునన్న భయముననే అనేకులు వ్రేలు ముద్ర వేయుదురు. ఇష్టపడి విడుచుకొనుట ఆమె స్వేచ్ఛయే, కాదనము. అయితే సర్వే నంబరు, విస్తీర్ణము, నేటి వెల తెలియకుండ చేసిన సంతకమును ఇష్టమని యెట్లనగలము?

అట్టి పత్రములు మా బల్లమీదికి వచ్చినపుడు, చెల్లెలిగారికి ఏకాంతముగ చదివి వినిపించిన పిమ్మటనే ముందునకు సాగుదమని చెప్పుట మా యలవాటు. అన్నగారు కాగితములు మడిచికొని వేఱొక వకీలును చూచికొనుటయు పలుమారులు జరిగినది.