చర్చ్ సేఫ్టీ: పండుగ రాత్రి చర్చి నిండా జనం.. తలుపు ఒక్కటే ఉంటే బయటికి వచ్చేదెలా?

క్రిస్మస్, డిసెంబర్ 31 అర్ధరాత్రి ఆరాధన, ఈస్టర్ తెల్లవారుజాము ప్రార్థన.. మామూలు ఆదివారం వంద మంది కూర్చునే చర్చికి ఆ రోజు మూడు వందల మంది వస్తారు. సీరియల్ లైట్లు, సౌండ్ బాక్సులు, జనరేటర్, చేతుల్లో కొవ్వొత్తులు, వెనక షామియానా కింద ప్రేమ విందుకు గ్యాస్ సిలిండర్లు. సరిగ్గా అప్పుడే ఏదైనా జరిగితే? మైక్ ఎవరు అందుకుంటారు, మెయిన్ స్విచ్ ఎవరు ఆపుతారు, పిల్లల్ని ఎవరు బయటికి తెస్తారు? చాలా సంఘాల్లో ఈ మూడింటికీ వచ్చే జవాబు ఒక్కటే.. 'ఎవరో ఒకరు చూసుకుంటారు'!

నిజామాబాద్ జిల్లా ముప్కాల్ లాంటి మండల కేంద్రాల్లో ఈ ప్రశ్న ఇంకాస్త గట్టిది. ఊరు 44వ నంబర్ జాతీయ రహదారి మీద ఉంది. ఫైరింజన్ ఆర్మూర్ వైపు నుంచి రావాలంటే ఎంత వేగంగా వచ్చినా నిమిషాలు పడతాయి. ఆ నిమిషాల్లో జరగాల్సిందంతా లోపలున్నవాళ్లే చేసుకోవాలి.

భయం ఒకటి.. ప్రమాదం ఇంకొకటి

చర్చి భద్రత అనగానే చాలామందికి బాంబులు, దాడులే గుర్తొస్తాయి. కారణం లేకపోలేదు. 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, గోవాల్లో చర్చిల దగ్గర వరుస పేలుళ్లు జరిగాయి. ఒంగోలు, తాడేపల్లిగూడెం పేర్లు అప్పట్లో వార్తల్లో నిలిచాయి. 2019 ఏప్రిల్ 21న ఈస్టర్ రోజున శ్రీలంకలో చర్చిలు, హోటళ్లపై జరిగిన దాడుల్లో 250 మందికి పైగా చనిపోయారు. ఇలాంటివి అరుదు. కానీ ఎవరిదో తెలియని బ్యాగ్ బెంచీ కింద కనిపిస్తే ముట్టుకోకుండా, జనాన్ని పక్కకు జరిపి, 112కి ఫోన్ చేయాలన్నది మాత్రం అందరికీ తెలిసుండాలి.

అసలు మన దగ్గర ప్రాణాలు తీస్తున్నవి మామూలు విషయాలే. హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో 2025 మే 18న జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయారు. బయటపడటానికి ఉన్నది ఇరుకు దారి. అదే ఏడాది నవంబర్ 1న శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ ఆలయంలో తొక్కిసలాట, 9 మంది మృతి. గుడి అయినా, చర్చి అయినా, సినిమా హాలు అయినా.. దారి ఇరుకైతే జనానికి ఒకటే గతి.

తలుపే అసలు కథ

నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం జనం గుమికూడే భవనాల్లో బయటికి వెళ్లే తలుపు 2 మీటర్లకు తగ్గకూడదు. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపును వెనక నుంచి తోసుకొచ్చే జనమే మూసేస్తారు, ముందున్నవాళ్లు దాన్ని లాగలేరు. ఇల్లునే చర్చిగా మార్చుకున్న చోట, రేకుల షెడ్డులో నడిచే చోట ఈ కొలతలు ఎవరూ చూడరు. కొత్త గోడ కట్టలేకపోవచ్చు. తలుపు బందులు మార్చి బయటికి తెరుచుకునేలా చేయించడానికి మాత్రం ఒక వడ్రంగి, ఒక పూట చాలు.

ఇక్కడే ఒక చిక్కుంది. దొంగతనం భయంతో, గొడవల భయంతో ఆరాధన మొదలవగానే పక్క తలుపుకు తాళం వేసే అలవాటు కొన్ని చోట్ల ఉంది. సెక్యూరిటీకి అది మంచిదనిపిస్తుంది. మంటలొస్తే అదే ఉరి. బయటివాళ్లు రాకూడదనుకుంటే తలుపు దగ్గర ఒక మనిషిని పెట్టాలి, తాళం కాదు. లోపలి నుంచి గడియ ఒక్క చేత్తో తెరుచుకోవాలి. ఆ దారికి అడ్డంగా చెప్పుల గుట్ట, బైకులు, ప్లాస్టిక్ కుర్చీల దొంతరలు ఉండకూడదు.

ఎంతమందిని కూర్చోబెట్టాలో కూడా ముందే లెక్కేసుకోవాలి. ఉదాహరణకు 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవున్న హాలంటే 1200 చదరపు అడుగులు. వేదిక, మధ్య నడక దారి కలిపి 400 పోతే మిగిలేది 800. కింద కూర్చునే మనిషికి 6 అడుగులు అనుకున్నా సుమారు 130 మంది. మిగతావాళ్లకు బయట షామియానా, స్పీకర్. లేదంటే రెండు ఆరాధనలు. పండుగ రోజు 'సర్దుకోండి, ఇంకొంచెం ముందుకు జరగండి' అనడం మర్యాదే కానీ భద్రత కాదు.

మగవాళ్లు గల్ఫ్‌లో.. మరి బాధ్యత ఎవరిది?

ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి చాలామంది మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటారు. ఆదివారం చర్చిలో కనిపించేది ఎక్కువగా మహిళలు, ముసలివాళ్లు, పిల్లలు. అందుకే 'యూత్ చూసుకుంటారు' అని వదిలేస్తే కుదరదు. స్త్రీల సమాజంలో ఇద్దరికి, డిగ్రీ చదివే అమ్మాయిలకు కూడా మెయిన్ స్విచ్ ఎక్కడుందో, ఫైర్ సిలిండర్ ఎలా వాడాలో నేర్పాలి. పిన్ను లాగి, గొట్టం మంట మొదలుకు గురిపెట్టి, పిడి నొక్కి, అటూ ఇటూ ఊపాలి.. అంతే. కరెంట్ మంటల మీద నీళ్లు పోయకూడదు. వాలంటీర్ డ్యూటీ రాసేటప్పుడు పేరుతో పాటు 'ఆమె రాకపోతే ఎవరు' అన్నదీ రాయాలి. జనవరి నుంచి మార్చి దాకా పసుపు పనుల సీజన్‌లో సగం మంది పొలాల దగ్గరే ఉంటారు కదా.

పాస్టరుగారు ఆరాధన నడిపిస్తున్నప్పుడు ఏదైనా జరిగితే మైక్‌లో వచ్చే మొదటి మాటే చాలా కీలకం. 'మంటలు, మంటలు' అని అరిస్తే తొక్కిసలాటే. 'అందరూ లేచి నిలబడండి, కుడి వైపు తలుపు నుంచి మెల్లగా నడవండి, సండే స్కూల్ పిల్లలు టీచర్లతో ఉన్నారు' అని చెప్పాలి. ఆ చివరి ముక్క ముఖ్యం. పిల్లలు ఎక్కడున్నారో తెలియని తల్లి జనానికి ఎదురు పరిగెత్తుతుంది. ఆమెను ఎవరూ ఆపలేరు. కరెంట్ పోతే మైక్ పనిచేయదు కాబట్టి బ్యాటరీ మైకు ఒకటి, రెండు టార్చ్‌లు వేదిక దగ్గరే ఉండాలి.

పోలీసులు, కెమెరాలు, హైవే

ఒకేసారి వంద మందికి పైగా వచ్చే చోట సీసీ కెమెరాలు పెట్టాలని, రికార్డింగ్ 30 రోజులు దాచాలని 2013 ప్రజా భద్రత చట్టం చెబుతోంది. మతపరమైన ఆరాధనను కావాలని అడ్డుకోవడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 300 కింద నేరం. గొడవకు ఎవరైనా వస్తే వాలంటీర్లు చేయి చేసుకోకుండా 112కి ఫోన్ చేయడమే మంచిది. పండుగకు వారం ముందే స్టేషన్‌కు ఒక లెటర్ ఇస్తే బందోబస్తు కూడా సులువు.

అన్నిటికన్నా ఎక్కువ ప్రమాదం మాత్రం ఆరాధన అయ్యాకే! అర్ధరాత్రి దాటాక నిద్రమత్తులో పిల్లల్ని ఎత్తుకుని హైవే దాటేవాళ్లు, ఒకే బైక్ మీద ముగ్గురు. మెరిసే జాకెట్లు వేసుకున్న ఇద్దరు వాలంటీర్లు రోడ్డు పక్కన నిలబడి గుంపులు గుంపులుగా దాటిస్తే చాలు.

ఫోన్ చేసినప్పుడు 'మా చర్చి దగ్గరికి రండి' అంటే అవతలివాళ్లకు ఏమీ అర్థం కాదు. ఊరు, మండలం, హైవేకి ఏ పక్క, ఏ బస్టాప్ దగ్గర, లోపల ఎంతమంది.. ఈ ఐదూ ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి మెయిన్ స్విచ్ పక్కన అంటించాలి. ఫైర్ 101, అంబులెన్స్ 108, ఏ అవసరానికైనా 112. తర్వాత ఏదో ఒక మామూలు ఆదివారం ఆశీర్వాదం అయ్యాక అందరినీ ఒకసారి నడిపించి, ఆఖరి మనిషి గేటు దాటేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో ఫోన్‌లో టైమ్ చూసుకోవాలి.