బందరు రేవున తొమ్మిదవ నెంబరు

బందరులో పుట్టి, బందరులోనే చదివి, అక్కడి కోర్టులోనో కళాశాలలోనో కొలువు చేసి విశ్రాంతి తీసికొనుచున్న పెద్దమనిషి తన మేడ యెక్కి నలుదిక్కులు చూచినను సముద్రము కానరాదు. కాగితములమీద మచిలీపట్నమే యైనను ఊరివారి నోట అది నేటికిని బందరే, అనగా రేవే. డచ్చివారును, ఇంగ్లీషువారును, ఫ్రెంచివారును ఓడలు దిగి వర్తకశాలలు కట్టుకొన్నది ఆ రేవును చూచియే. అయినను కోనేరు సెంటరులో నిలిచి బస్సుకై కాచుకొనువానికి సముద్రమనగా మంగినపూడి దారి గాని అలల మ్రోత గాదు. కంటికి కానరానిదానిని మనసు మఱచుట లోకసహజము. ఆ మఱపునకు ఏటేట అడ్డు తగులునది ఈశాన్య ఋతుపవనకాలము. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు నడచు ఆ దినములలో, పత్రికలో ఎక్కడనో మూలనుండెడి వాతావరణపు వార్త మొదటి పుటకు వచ్చును. పెడనలో కలంకారీ అద్దకమువారు ఎండకు ఆరవేసిన బట్టలను చూచి ఆకాశమును చూతురు. వెన్ను వంచిన సార్వా వరిని చూచి రైతు నిట్టూర్చును. 2011 జనగణన నాటికి సుమారు 1,70,000 మంది కాపురమున్న ఆ చిన్న నగరములో టీకొట్టు మొదలు కలెక్టరు కార్యాలయము వఱకు ఒక్కటే ప్రశ్న వినబడును: ఎన్నో నెంబరు ఎక్కించినారు?

ఈ నెంబరును గూర్చియే నాలుగు మాటలు చెప్పవలెనని నా ఉద్దేశము. ఏలయనగా దీనిని అడుగనివారు బందరులో లేరు. అడిగినవారిలో దీని అర్థమెఱిగినవారు మాత్రము మిక్కిలి తక్కువ.

గిలకలదిండి రేవుగట్టున ఒక సాయంకాలము, ఆకాశము ఇంకను మబ్బు పట్టకమునుపే, టీబంకు వద్ద విన్న మాటలు నాకింకను చెవులలో నున్నవి. ఇరువది యేండ్ల కుఱ్ఱవాడొకడు సెల్‌ఫోనులో వార్త చూచుకొని, “మూడో నెంబరేగా బాబాయ్, పదికి ఇంకా ఏడున్నాయి. తెల్లారగట్ట వేటకెళ్ళి పొద్దెక్కేలోగా వచ్చేస్తా” అన్నాడు. వల కన్నులు బాగుచేయుచున్న ముసలాయన తల యెత్తకుండనే, “అవేమన్నా నీ పరీక్ష మార్కులట్రా, ఒకటీ ఒకటీ పెరగటానికి? పడవ కట్టేసి ఇంటికి పో” అన్నాడు. వాతావరణశాస్త్రము చదివినవాడు పుటలకొద్ది వ్రాయదగిన విషయమును ఆ వృద్ధుడు ఒక్క వాక్యమున తేల్చివేసెను.

నిజమే; అవి మార్కులు గావు. మన దేశపు రేవులలో ఎక్కించు ఒకటి మొదలు పదునొకండు వఱకు గల గుర్తులు మెట్లవలె ఒకదానిపై నొకటి పేర్చినవి కావు. ఒకటి, రెండు గుర్తులకు దూరసముద్రమున గాలి చెలరేగినదని మాత్రమే అర్థము. మూడు, నాలుగు గుర్తులు ఈ రేవునకు కూడ బెడద రావచ్చునని తెలుపును. అయిదు, ఆరు, ఏడు ఒక గుంపు. ఎనిమిది, తొమ్మిది, పది మఱియొక గుంపు. మొదటి గుంపు ఒక మోస్తరు తుపానునకు, రెండవది తీవ్రమైన తుపానునకు సంబంధించినవి. ఒక గుంపులోని మూడంకెలకు గల భేదము బలమునుగూర్చినది గాక, దిక్కునుగూర్చినది: తుపాను తన దారిన పోవుచు రేవును ఎడమచేతి వైపున విడిచిపోవునా, కుడిచేతి వైపుననా, లేక రేవుమీదనే పడునా అన్నదియే ఎనిమిదికిని, తొమ్మిదికిని, పదికిని గల తారతమ్యము. “ఎగురవేసినారు” అని పత్రికలు వ్రాయుటచేత ఇవి జెండాలని అనేకుల భ్రమ. పగటివేళ స్తంభమునకు కట్టునవి శంకువులు, స్థూపములు. రాత్రివేళ ఎఱ్ఱని, తెల్లని దీపములు. ఈ ఏర్పాటంతయు ఓడల నాయకుల కొరకు పుట్టినది గాని ఊరివారి కొరకు గాదు. 1864 అక్టోబరు 5న కలకత్తాను ధ్వంసము చేసిన తుపాను పిమ్మట, మఱుసటి యేడు ఆ రేవున హెచ్చరికల పద్ధతి ఆరంభమయ్యెను; భారత వాతావరణశాఖ ఏర్పడినది 1875లో. దొరలకు మొదట ఓడలను గూర్చిన చింతయే కలిగినది; గుడిసెలను గూర్చిన చింత చాల కాలమునకు గాని కలుగలేదు.

కలకత్తా తుపాను గడచి నెల తిరుగకుండనే, నవంబరు 1వ తేదీ రాత్రి, బందరు వంతు వచ్చెను. నాటి ఉప్పెనలో నశించినవారు సుమారు 30,000 మంది యని చరిత్ర చెప్పుచున్నది. అమావాస్య వెళ్ళి రెండు దినములైనది. పోటు సహజముగనే హెచ్చుగా నుండు తిథులవి. దానికి 113 ఏండ్ల తరువాత, 1977 నవంబరు 19న, దివిసీమ ఉప్పెన వచ్చెను. రెండును కార్తికమాసములోనివే.

గాలికంటె నీరే ప్రాణాంతకమన్న సంగతి ఈ రెండు తేదీలను చూచినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. తుపాను కేంద్రమున వాయుపీడనము తగ్గుటచే సముద్రము కొంత పొంగునన్నది నిజమే గాని, ఆ పొంగు ఒక మిల్లీబారు తగ్గుదలకు ఒక సెంటీమీటరు మాత్రమే; అసలు ఉప్పెనను తెచ్చునది గాలి. అది నీటిని గంటలతరబడి తీరమువైపునకు నెట్టును. కృష్ణా ముఖద్వారముల యొద్దవలె సముద్రము లోతు తక్కువయై, నేల పళ్ళెమువలె చదునుగా నుండు చోట, నెట్టబడిన నీరు క్రిందికి పోవుటకు తావు లేక నేలమీదికి నడచును. ఉత్తరార్ధగోళమున తుపాను గాలి గడియారపు ముల్లునకు ఎదురుగా తిరుగును. కావున వాయవ్యముగా తీరమువైపు వచ్చు తుపానునకు కుడివైపున గాలి సముద్రమునుండి నేలమీదికి, ఎడమవైపున నేలనుండి సముద్రముమీదికి వీచును. ఒకే తుపాను ఒక ఊరిని ముంచి, దాని ఇవతలనున్న ఊరి సముద్రమును వెనుకకు లాగుట ఇందుచేతనే.

ఇప్పుడు బందరువాని అంకెకు మరల వత్తము. తుపాను నిజాంపట్నమువద్దనో బాపట్లవద్దనో తీరము దాటునని రేడియోలో వినగానే, “మన మీదికి కాదు లెమ్మ”ని బందరులో అనేకులు ఊపిరి పీల్చుకొందురు. కాకినాడ పేరు వినబడిన గుండెలు పట్టుకొందురు. ఉప్పెన విషయమున భయపడవలసినది సరిగా ఇందుకు విరుద్ధముగా. కాకినాడవద్ద దాటు తుపానునకు బందరు ఎడమవైపునది. బాపట్లవద్ద దాటు తుపానునకు కుడివైపునది. 1977 తుపాను కేంద్రము తీరము దాటినది నిజాంపట్నము సమీపమున. ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకొనిపోయినది దానికి కుడిచేతివైపుననున్న దివిసీమలో. అందుచేత పత్రికలో ఎనిమిదవ నెంబరున్నదా తొమ్మిదవదా అన్న ఒక్క అంకె తేడాను, తీరగ్రామముల వారును, ఊరి తూర్పు పేటల వారును నిదానించి చదువవలసియున్నది. నా మట్టుకు పదవ నెంబరుకంటె తొమ్మిదవ నెంబరు తక్కువైనదని ఎన్నడును అనిపించలేదు.

వాతావరణశాఖవారి భాషలో మఱికొన్ని పదములు కూడ మనము చెవిని బెట్టి మనసునకు బెట్టనివి. గాలి వేగము గంటకు 31 కిలోమీటర్లు చేరిన వాయుగుండమనియు, 50 చేరిన తీవ్రవాయుగుండమనియు, 62 చేరిన తుపాననియు పిలుతురు, అప్పుడే దానికి పేరును పెట్టుదురు. 89 దాటిన తీవ్రతుపాను, 118 దాటిన అతితీవ్రము, 222 దాటిన మహాతుపాను. అరువదినుండి నూట యిరువదికి పెరిగిన వేగమును రెండింతలని మనము తలంతుము. ఇంటి పైకప్పుమీద పడు ఒత్తిడి మాత్రము నాలుగింతలగును, ఏలయన అది వేగపు వర్గమును బట్టి పెరుగును. ఇక “మచిలీపట్నము, కళింగపట్నముల నడుమ” అన్న మాటను విని ఆ నడుమ తన ఊరి పేరు లేదని నిశ్చింతగా నిదురించువారున్నారు. అది ఒక చుక్క గాదు, మూడువందల కిలోమీటర్లకు తక్కువగాని తీరపు వరుస. 2025 అక్టోబరులో మొంథా తుపానునకు కాకినాడ పేరే అందఱి నోట నుండగా, అది 28వ తేదీ రాత్రి నరసాపురము సమీపమున తీరమెక్కెను.

హెచ్చరిక నిజముగ ప్రాణములను కాచునా అని సందేహించువారికి ఇదే తీరము సమాధానము చెప్పును. 1977లో సుమారు 10,000 మంది చనిపోయిరన్నది సర్కారు లెక్క. అంతకు మించిరని ఆ సీమవారు చెప్పుదురు. దాని వంటి బలము గల తుపానే 1990 మే 9న కృష్ణా ముఖద్వారముల వద్దనే తీరము దాటగా మరణములు వేయికి లోపుగనే నిలిచిపోయెను. గాలి దయ తలచి కాదు. ఆ నడుమ పదమూడేండ్లలో ఉపగ్రహము మేఘములను చూపుట, ఆ ఉపగ్రహము ద్వారానే తీరమండలములలోని యంత్రములకు హెచ్చరిక నేరుగా చేరుట, స్తంభములమీద తుపాను రక్షణభవనములు లేచుట, లక్షమందికి పైగా జనమును ముందుగనే తరలించుట యను నాలుగు పనులు జరిగినవి.

దీనికి వ్యతిరేకమైన అనుభవము కూడ లేకపోలేదు. 2013 నవంబరులో లెహర్ అను అతితీవ్రతుపాను బందరుపైకే వచ్చుచున్నదని జనమును శిబిరములకు చేర్చగా, అది సముద్రముమీదనే నీరసించి, 28వ తేదీన ఒట్టి వాయుగుండమై మచిలీపట్నము దిగువన తీరము తాకెను. మూటలు మోసికొని మరల ఇండ్లకు వచ్చినవారు సణుగుకొన్నారు. సణుగుటకు హక్కు వారికి కలదు. కాని ఊరకే పోయిన ఆ ఒక్క రాత్రి ఖరీదును, 1977 నాటి రాత్రి ఖరీదును ఒక త్రాసున తూచరాదు. అధికారులు “రాలేదు గనుక మేలు” అని ఊరకొనక, ఎందుకు రాలేదో నాలుగు తెలుగు మాటలలో మఱునాడే చెప్పినయెడల, మఱుసటి తడవ పిలిచినప్పుడు జనము కదలివచ్చుట సులభమగును. ఈ పని సరిగా జరుగుట లేదన్నది నా ఫిర్యాదు.

నగరపాలకసంస్థవారు ఈ కాలమున వెలువరించు ప్రకటనలు చూచుటకు చప్పగా నుండును: కాలువలలో పూడిక తీయుట, బావులలో బ్లీచింగు పొడి చల్లుట, నీరు కాచి త్రాగుమనుట, గర్భిణులను ముందుగనే ఆస్పత్రికి చేర్చుమనుట. ఒక్క దానిని మాత్రము ప్రజలు తప్పక అపార్థము చేసికొందురు: గాలి ముదురకముందే కరెంటు తీసివేయుట. చీకటిలో కూర్చుండి విద్యుత్తుశాఖను తిట్టుకొననివాడుండడు. తెల్లవాఱి చూచినచో వీధి మొగదల వేపకొమ్మ విఱిగి, దానితో తీగ తెగి, మోకాలిలోతు నీటిలో నల్లత్రాచువలె చుట్టుకొని పడియుండును. ఆ తీగలో ప్రాణము లేకుండుటయే పిల్లవాని ప్రాణము నిలుచుట. అట్టి తీగను చూచిన వెంటనే 1912 నెంబరునకు చెప్పవలెను. ఆపదలో నున్నవారికి 112, రాష్ట్ర విపత్తుల కార్యాలయమునకు 1070.

ఫోను ఉన్నంతసేపే యీ నెంబర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణమును కొట్టినప్పుడు, అంత మహానగరములో కరెంటును ఫోనులును ఒక్కుమ్మడి మూగవోయినవి. రేవు గుర్తులలో పదునొకండవదానికి అర్థమిదియే: వాతావరణ కేంద్రముతో సంబంధము తెగిపోయినది, ఇక వార్త రాదు, మీ తెలివియే మీకు దిక్కు. అందుచే బ్యాటరీలతో పలుకు పాత రేడియో నొకదానిని అటకమీదినుండి దింపియుంచుట చాదస్తము గాదు. వార్త లేని ఆ వేళ గుర్తుంచుకొనవలసినది మఱియొకటి కలదు: గాలి హోరు ఉన్నట్టుండి ఆగి నక్షత్రములు కనబడినచో తుపాను వెళ్ళిపోయినదనుకొని తలుపు తీయరాదు, అది తుపాను కన్ను. కొంతసేపటికి ఎదుటి దిక్కునుండి అంతకంత గాలి తిరిగి వచ్చును.

మంగినపూడిలోను, హంసలదీవిలోను కార్తికపౌర్ణమినాడు స్నానము చేయు వేలమందికి కూడ ఈ మాటలే వర్తించును. పున్నమినాటి పోటు అసలే పెద్దది; అలజడి యున్నదని పోలీసులు త్రాడు కట్టిననాడు ఆ త్రాటికి ఇవతలనే మునుగవలెను.

తుపానును గూర్చి తుపానునాడు నేర్చుకొనుటకు వీలుపడదు. బందరు నివాసులకు నా మనవి యొకటి: దసరా సెలవులలో, ఎండ కాయుచుండగనే, మీ వీధివారికి కేటాయించిన ఆశ్రయకేంద్రము ఏ పాఠశాలయో వార్డు సచివాలయములో అడిగి తెలిసికొని, పిల్లలను వెంటబెట్టుకొని ఒకసారి అచ్చటి వఱకు నడచి రండు, దారిలో కాలువ లెన్ని దాటవలసి వచ్చునో లెక్కపెట్టుకొని రండు.