వరిబీజం మాటున వృషణ క్యాన్సర్: కృష్ణా డెల్టా నేపథ్యంలో నిర్ధారణ, చికిత్స

కృష్ణా డెల్టా చిరకాలంగా బోదవ్యాధి ఎరిగిన ప్రాంతం. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ వ్యాపింపజేసే ఈ వ్యాధి పురుషులలో తరచుగా వరిబీజానికి దారితీస్తుంది. అందువల్ల విజయవాడ పరిసరాలలో వృషణకోశపు వాపు కనబడగానే వరిబీజంగా భావించడం సహజం. అయితే భారతదేశంలో అరుదైన వృషణ క్యాన్సర్‌లోనూ కొన్నిసార్లు నీరు చేరి కణితిని మరుగుపరుస్తుంది. ఇది ప్రధానంగా 15–40 ఏళ్ల వారికి సోకుతుంది. తొలిదశలో సాధారణంగా నొప్పి ఉండదు. దానికి సిగ్గు తోడై జాప్యం జరుగుతుంది.

నీటిగుండా టార్చి వెలుగు ప్రసరించినంత మాత్రాన లోపల కణితి లేదని చెప్పలేము. అల్ట్రాసౌండ్ పరీక్ష దానిని స్పష్టంగా చూపుతుంది. రక్తంలో ఆల్ఫా ఫీటోప్రోటీన్, బీటా హెచ్.సి.జి., ఎల్.డి.హెచ్. స్థాయిలు నిర్ధారణకు తోడ్పడతాయి. అవి మామూలుగా ఉన్నా క్యాన్సర్ లేదని అర్థం కాదు.

అనుమానమున్నప్పుడు సూదితో నీరు తీయడం, వృషణకోశాన్ని కోయడం తగదు. వృషణపు శోషరసం ఉదరం వెనుక గ్రంథులకు, కోశపు చర్మపు శోషరసం గజ్జల గ్రంథులకు చేరుతుంది. కోశంపై కోత పడితే వ్యాధికి రెండవ మార్గం తెరుచుకునే ప్రమాదముంది. కనుక గజ్జలో కోసి వృషణాన్ని తొలగిస్తారు. వ్యాపించిన వ్యాధిని సైతం 1970ల నుండి సిస్‌ప్లాటిన్ ఆధారిత చికిత్స చాలామందిలో నయం చేస్తున్నది.

కాబట్టి డెల్టా యువకులలో వరిబీజపు శస్త్రచికిత్సకు ముందు అల్ట్రాసౌండ్ పరీక్ష అవసరం.