కంఠమున దాగిన కపాలనాడులు

మస్తిష్కమునుండి వెలువడు 12 జతల కపాలనాడులలో అధికభాగము కన్ను, ముక్కు, చెవి, ముఖములతోనే తమ ప్రయాణము ముగించుకొనుచుండగా, చివరి 4 జతలు మాత్రము కపాలపు అడుగునగల రంధ్రములగుండ మెడలోనికి దిగి, మ్రింగుటకును, మాటాడుటకును, తల త్రిప్పుటకును ఆధారములగుచున్నవి. 9వ నాడి నాలుక వెనుకభాగపు రుచిని, గ్రీవాధమని గోడలో తెలియవచ్చు రక్తపుపోటును మెదడున కెఱిగించును. 11వది తెగినచో భుజము వ్రాలును. 12వది చెడినచో, చాచిన నాలుక చెడిన వైపునకే ఒరుగును. బాగుగనున్న సగము దానిని అటు నెట్టివేయుటయే ఇందులకు కారణము.

వీనియందు మిక్కిలి విచిత్రమైనది 10వదగు వేగస్ నాడి. గ్రీవాధమనికిని గళసిరకును నడుమ, ఒకే ఒరలో ఒదిగి మెడ దాటి, గుండెను, జీర్ణకోశమును చేరు ఈ నాడియొక్క శాఖయే మన స్వరపేటికను పలికించుచున్నది. 2వ శతాబ్దమున రోమ్ నగరమందు గేలెన్ అను వైద్యుడు, అరచుచున్న పందిమెడలోని ఆ సన్నని శాఖలను బిగించి చూపగా, జంతువు పెనుగులాడుట మానలేదు గాని అరపు మాత్రము ఆగిపోయెను. వాక్కు హృదయమునుండి పుట్టునని వాదించిన పండితులకు అంతకుమించిన సమాధానము మఱేమి కావలయును?

స్వరపేటిక మెడలోనే యున్నను, ఎడమ శాఖ దానిని దాటి ఛాతీలోనికి దిగి, బృహద్ధమని వంపు క్రిందుగా చుట్టుకొని, వాయునాళ అన్నవాహికల నడుమ గాడివెంట మరల పైకెక్కును. కుడి శాఖ కుడిచేతికేగు ధమనిని చుట్టుకొని అంతకంటె ముందే మరలును. తలచుట్టు చేయి త్రిప్పి ముక్కు పట్టుకొనుట యనిన నిదియే. గర్భస్థపిండమునకు మెడ ఏర్పడకముందు ఈ నాడి ఆయా వైపు ధమని క్రిందుగా తిన్నగనే పోవును. పిదప గుండె ఛాతీలోనికి దిగుచు ధమనితోపాటు నాడినికూడ ఈడ్చుకొనిపోవును. జిరాఫీలో ఈ దారి కొన్ని మీటర్లు సాగును.

థైరాయిడ్ గ్రంథికి వెనుకనే ఈ శాఖ యుండుటచేత, ఆ గ్రంథిని కోయు శస్త్రవైద్యుడు ముందుగా దీనినే వెదకి కాపాడుకొనును. ఒకవైపు చెడినచో గొంతు బొంగురుపోవును; రెండువైపుల చెడినచో, వింతగా, మాట కొంత నిలిచినను స్వరతంత్రులు దగ్గరపడి ఊపిరియే అడ్డగింపబడవచ్చును. గుండె కవాటము సన్నగిలి, ఉబ్బిన ఎడమ కర్ణికవలన నాడి నొక్కుకొని గొంతు మారుటను 1897లో ఆర్ట్‌నర్ అను వైద్యుడు వర్ణించెను. మానని బొంగురుగొంతుతో వచ్చిన రోగి ఛాతీకి వైద్యుడు ఎక్స్‌రే తీయించుట అందులకే.