కారులో నావిగేషన్ ఉందా? సుల్తానాబాద్ వైపు బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

హైదరాబాద్ నుంచి సుల్తానాబాద్‌కు కారులో వెళ్తున్నారనుకోండి. ఇప్పుడు వస్తున్న చాలా కార్లలో డ్యాష్‌బోర్డు మీదే తెర ఉంటోంది, అందులోనే నావిగేషన్ ఉంటోంది. ఊరి పేరు కొడితే చాలు, రాజీవ్ రహదారి మీద సిద్దిపేట, కరీంనగర్ మీదుగా తీసుకెళ్తుంది. నాలుగు వరుసల రోడ్డు ఉన్నంతసేపు పెద్దగా ఇబ్బంది ఉండదు. హైవే దిగి ఊళ్లలోకి వెళ్లాక, వాన పడ్డాక, చీకటి పడ్డాకే అసలు సమస్య మొదలవుతుంది.

2023 డిసెంబరులో హుస్నాబాద్ ప్రాంతంలో ఏం జరిగిందో గుర్తుందా? రాత్రివేళ మ్యాప్ చూపిన దారిలో వెళ్లిన ఒక లారీ నేరుగా గౌరవెల్లి ప్రాజెక్టు నీళ్లలోకి దిగిపోయింది. ప్రాజెక్టు కింద మునిగిన పాత రోడ్డు మ్యాప్‌లో ఇంకా రోడ్డుగానే ఉంది. అదృష్టం కొద్దీ లారీలో ఉన్నవాళ్లు ప్రాణాలతో బయటపడ్డారు. 2024 మేలో హైదరాబాద్ నుంచి కేరళ వెళ్లిన నలుగురు పర్యాటకులకూ ఇలాగే జరిగింది. కొట్టాయం జిల్లా కురుప్పంతర దగ్గర వానకు పొంగిన వాగులోకి వాళ్ల కారు వెళ్లింది. స్థానికులు, పోలీసులు కలిసి వాళ్లను కాపాడారు. అదే ఏడాది నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర మాత్రం కాపాడే అవకాశం లేకపోయింది. సగంలో ఆగిన వంతెన మీద నుంచి కారు రామ్‌గంగ నదిలో పడి ముగ్గురు చనిపోయారు.

మరి నావిగేషన్‌ను నమ్మకూడదా? నమ్మొచ్చు. అయితే దానికి ఏం తెలుసో, ఏం తెలియదో మీకు తెలిసి ఉండాలి.

తెరకు తెలిసింది ఎంత?

కారులోని జీపీఎస్ రిసీవర్ కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందుకుని మీరు ఎక్కడున్నారో లెక్కకడుతుంది. ఈ లెక్కలో కొన్ని మీటర్ల తేడా మామూలే. అందుకే పక్కపక్కనే ఉన్న మెయిన్ రోడ్డు, సర్వీసు రోడ్డు మధ్య, లేదా ఫ్లైఓవర్ పైన, కింద ఉన్న దారుల మధ్య అది ఒక్కోసారి తికమకపడుతుంది.

మీరున్న చోటు తెలియడం ఒక సంగతి. అక్కడ రోడ్డు ఉందో లేదో తెలియడం వేరే సంగతి. రెండోది ఉపగ్రహం చెప్పదు, మ్యాప్ చెబుతుంది. కొన్ని కార్లలో ఈ మ్యాప్ కారులోనే భద్రమై ఉంటుంది. సిగ్నల్ లేని చోట కూడా పనిచేయడం దీనివల్ల లాభం. అప్‌డేట్ చేయకపోతే ఏళ్ల నాటి రోడ్లనే చూపిస్తూ ఉండటం నష్టం. సుల్తానాబాద్ 2016 అక్టోబరు వరకు కరీంనగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు పెద్దపల్లి జిల్లాలో ఉంది. మీ తెర ఇంకా కరీంనగర్ జిల్లా అనే చూపిస్తుంటే, అందులోని మ్యాప్ పాతదై ఉండొచ్చని అనుమానించాలి.

ఫోన్‌ను కారు తెరకు కలిపి వాడితే ఫోన్‌లోని మ్యాప్ కనిపిస్తుంది. అది ఇంటర్నెట్ ఉన్నంతవరకు తాజాగానే ఉంటుంది. కానీ ఈ రోజు వాగు పొంగిందా, నిన్న రోడ్డు తవ్వారా అన్నది ఎవరో ఒకరు తెలియజేస్తే తప్ప దానికీ తెలియదు.

ఉత్తర తెలంగాణలో జాగ్రత్త ఎందుకు ఎక్కువ కావాలి?

ఇక్కడి రోడ్లు తరచూ మారుతుంటాయి. ఎల్లంపల్లి, మిడ్ మానేరు ప్రాజెక్టుల కింద ఊళ్లతో పాటు వాటి దారులూ మునిగాయి. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులు విస్తరించినప్పుడు రోడ్లు మళ్లిస్తారు. మానేరు మీద ఓడేడు దగ్గర 2016లో మొదలైన వంతెన పూర్తికాకుండానే, 2024 ఏప్రిల్‌లో దాని గడ్డర్లు కూలిపోయాయి. గీత గీసి ఉన్న ప్రతిచోటా వంతెన ఉంటుందనుకోవడం ఎంత ప్రమాదమో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. కుప్పల చుట్టూ రాళ్లు పెట్టి, రాత్రి పట్టాలు కప్పుతారు. సుల్తానాబాద్ చుట్టూ రైస్ మిల్లులు ఎక్కువ కాబట్టి ధాన్యం లారీలూ ఎక్కువే. ఇవేవీ మ్యాప్‌లో కనిపించవు. అద్దం లోంచి మీరే చూడాలి.

ఒకే పేరు, రెండు ఊళ్లు

సుల్తానాబాద్ మండలంలో సుద్దాల ఉంది. యాదాద్రి భువనగిరి జిల్లాలోనూ సుద్దాల ఉంది. నీరుకుళ్ల ఇక్కడా ఉంది, హనుమకొండ జిల్లా ఆత్మకూరు మండలంలోనూ ఉంది. ఊరి పేరు కొట్టగానే మొదట వచ్చింది నొక్కేస్తే వంద కిలోమీటర్ల అవతలికి చేరొచ్చు. పేరు కింద మండలం, జిల్లా చూసి ఎంచుకోండి. పెళ్లికో, శుభకార్యానికో వెళ్తుంటే పిలిచినవాళ్లను వాట్సాప్‌లో లొకేషన్ పంపమనడం ఇంకా మంచిది.

బయల్దేరే ముందు ఐదు నిమిషాలు

మొదట మ్యాప్ వెర్షన్ చూడండి. సెట్టింగ్స్‌లో కనిపిస్తుంది. కారును బట్టి ఇంటర్నెట్ ద్వారా, పెన్‌డ్రైవ్ లేదా ఎస్‌డీ కార్డుతో, లేదంటే సర్వీస్ సెంటర్‌లో అప్‌డేట్ చేయించుకోవచ్చు. సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు ఈ పని కూడా అడిగి చేయించుకోండి.

తర్వాత రూట్ సెట్టింగ్స్ చూడండి. టోల్ రోడ్లు వద్దు అనే ఆప్షన్ ఆన్‌లో ఉంటే దుద్దెడ, రేణికుంట టోల్ ప్లాజాలను తప్పించడానికి నావిగేషన్ మిమ్మల్ని ఊళ్ల మధ్య ఇరుకు దారుల్లోకి తిప్పొచ్చు. అతి దగ్గరి దారి అనే ఆప్షన్‌తోనూ ఇదే చిక్కు. దగ్గరి దారి మంచి దారే కావాలని లేదు. రాత్రి ప్రయాణమైతే ఈ రెండూ ఆఫ్ చేయండి.

చివరగా దారి మొత్తాన్ని ఒకసారి వేలితో జరుపుతూ చూడండి. ఎక్కడ హైవే దిగాలి, దిగాక నది, చెరువు, ప్రాజెక్టు ఏదైనా దాటాలా అన్నది గమనించండి. వానాకాలంలో అలాంటివి ఉంటే అక్కడివాళ్లకు ఫోన్ చేసి అడగడమే సరైన పద్ధతి.

బండి కదిలాక తెర ముట్టుకోవద్దు

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే కారు సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. రెండు సెకన్లు తెర వైపు చూస్తే 44 మీటర్లు రోడ్డు చూడకుండా నడిపినట్టే. డ్రైవర్ చూపు తెర మీద ఒక్కసారికి రెండు సెకన్లకు మించి నిలవకుండా పరికరాలు ఉండాలని అమెరికా రహదారి భద్రతా సంస్థ 2013లో మార్గదర్శకాలు ఇచ్చింది. కారు నడుపుతూ నావిగేషన్‌లో గమ్యం ఎక్కించడానికి సగటున 40 సెకన్లు పడుతోందని అక్కడే 2017లో జరిగిన ఒక అధ్యయనం తేల్చింది. మన రాజీవ్ రహదారి మీద 80 వేగంతో ఆ 40 సెకన్లలో దాదాపు 900 మీటర్లు దాటేస్తారు. ఆ మధ్యలో ఒక ఊరి క్రాసింగ్ రావొచ్చు, బడి పిల్లలు దాటుతుండొచ్చు.

కాబట్టి మాట వినిపించే ఆప్షన్ ఆన్ చేసి, తెర చూడటం కన్నా వినడం అలవాటు చేసుకోండి. దారి మార్చాలంటే పక్క సీట్లో ఉన్నవాళ్లకు చెప్పండి. ఒక్కరే ఉంటే ఇండికేటర్ వేసి, పెట్రోల్ బంకు లాంటి చోట ఆపి మార్చుకోండి. యూటర్న్ దాటిపోతే కంగారుపడొద్దు. నావిగేషన్ మళ్లీ లెక్క వేసుకుంటుంది, డివైడర్‌లో తర్వాతి గ్యాప్ దగ్గర తిరగొచ్చు. వెనక్కి రివర్స్ చేయడం, రాంగ్ సైడ్‌లో రావడం మాత్రం వద్దే వద్దు.

చట్టం ఏమంటోంది?

డ్రైవింగ్‌లో చేతిలో ఫోన్ పట్టుకుని వాడటాన్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 ప్రమాదకర డ్రైవింగ్‌గా చూస్తుంది. 2019 సవరణ ప్రకారం మొదటిసారి దొరికితే ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ ఉండొచ్చు. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనలు దారి చూసుకోవడానికి మాత్రమే ఫోన్ వాడేందుకు అనుమతిస్తున్నాయి. అదీ డ్రైవర్ ఏకాగ్రత చెడకుండా వాడాలన్నది షరతు. కారులో బిగించిన తెర చేతిలో పట్టుకునేది కాదు కాబట్టి ఈ చిక్కు రాదు. కానీ దాన్ని చూస్తూ ఎవరినైనా గుద్దితే, మ్యాప్ అలా చెప్పిందన్న మాట మిమ్మల్ని కాపాడదు. స్టీరింగ్ మీ చేతుల్లోనే ఉంది.

అనుమానం వస్తే ఏం చేయాలి?

రోడ్డు ఉన్నట్టుండి ఇరుకైతే, తారు పోయి మట్టి వస్తే, ఎదురుగా ఒక్క బండీ రాకపోతే ఆగండి. రోడ్డు మీద నీళ్లు కనిపిస్తే లోతు ఎంతో అంచనా వేయొద్దు, వెనక్కి తిరగండి. అడ్డంగా ముళ్లకంపో, బారికేడో ఉంటే దాన్ని పక్కకు జరిపి వెళ్లొద్దు. ఊరివాళ్లు ఊరికే పెట్టి ఉండరు. దగ్గర్లోని హోటల్ దగ్గరో, బస్ స్టాప్ దగ్గరో అడిగితే ఎటు వెళ్లాలో ఎవరైనా చెబుతారు.

ప్రమాదంలో చిక్కుకుంటే 112కు ఫోన్ చేయండి. అంబులెన్సుకు 108 ఉంది. 1033 జాతీయ రహదారుల హెల్ప్‌లైన్. రాజీవ్ రహదారి రాష్ట్ర రహదారి కాబట్టి ఇక్కడ 112నే గుర్తుపెట్టుకోండి. క్షేమంగా చేరాక ఒక పని మాత్రం మరిచిపోవద్దు. మ్యాప్ తప్పు దారి చూపి ఉంటే యాప్‌లో దాన్ని రిపోర్ట్ చేయండి. మీ వెనక అదే దారిలో రాత్రిపూట వచ్చేవాళ్లకు అది పనికొస్తుంది.